పౌను గింజల లెక్క

పోయినేడు కనుమ నాడు మా అక్క వాళ్ళింట్లో బిర్యానీ వండింది అక్క కూతురు. బి.టెక్ రెండో ఏడాది, హాస్టల్లో ఉండి చదువుతోంది. పొద్దున్నే లేచి మాంసం తనే నానబెట్టింది, ఉల్లిపాయలు తనే వేయించింది, దమ్ముకి గిన్నె మూత చుట్టూ పిండి కూడా తనే మెత్తింది. పద్నాలుగు మందికి కొసరి కొసరి వడ్డించింది. తను మాత్రం “రుచి చూస్తూ చూస్తూనే కడుపు నిండిపోయింది పిన్నీ” అని చెప్పి, ఒక కప్పు పెరుగూ నాలుగు కీరా ముక్కలూ ముందు పెట్టుకుంది. ఆ నాలుగింటిని పదహారు చేసి, అరగంట సేపు తింది.

ఆ రాత్రి పన్నెండు దాటాక మంచినీళ్ళకని లేచాను. హాల్లో రెండు రగ్గులు కప్పుకుని ఫోన్ చూస్తోంది. గుత్తొంకాయ కూర ఎలా చెయ్యాలో ఎవరో చెబుతున్నారు. అదయ్యాక పనసపొట్టు కూర, దాని తరవాత కోవా కజ్జికాయలు. నన్ను చూసి స్క్రీన్ బోర్లించేసింది, చూడకూడనిదేదో చూస్తూ దొరికిపోయినట్టు.

నా తప్పొకటి ఇక్కడే చెప్పేస్తాను. ముందురోజు ఆ పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే “ఎంత నాజూగ్గా అయ్యావే! ఏం చేశావో మాకూ చెప్పు” అన్నది నేనే. ఆరోగ్యం గురించి వ్యాసాలు రాసుకుని బతికే మనిషిని. ఆకలి మనిషిని ఏం చేస్తుందో చదివి ఉన్నదాన్ని. అయినా ముందు నోటికొచ్చింది అదే. అర్ధరాత్రి ఆ కూరల వీడియోలు చూశాకగానీ, ఎప్పుడో చదివిన మినియాపొలిస్ కుర్రాళ్ళు గుర్తుకు రాలేదు.

వాళ్ళ కథ 1944 నవంబరులో మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరికొచ్చింది, యూరప్‌లో ఊళ్ళకు ఊళ్ళు పస్తులున్నాయి. వాళ్ళ దాకా తిండి చేరితే ఎంత పెట్టాలి, ఏది ముందు పెట్టాలి అన్నది డాక్టర్లకి సరిగ్గా తెలీదు. అమెరికాలో, మినియాపొలిస్‌లోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఉండేవాడు. అమెరికా సైనికులు జేబులో వేసుకు తిరిగిన ‘కె రేషన్’ పొట్లం రూపకర్త ఆయనే. ఆరోగ్యవంతుల్ని పద్ధతి ప్రకారం సగం పస్తు పెట్టి, మళ్ళీ తిండి పెట్టి, రెండు దశల్నీ కొలుద్దామన్నాడు. ఇవాళ అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతివ్వరు. అప్పట్లో మతవిశ్వాసం కొద్దీ తుపాకి పట్టబోమని చెప్పి, వేరే రకంగా దేశానికి పనికొస్తామన్న యువకులు వందల్లో ముందుకొచ్చారు. ఒళ్ళూ మనసూ గట్టివని అన్ని పరీక్షలూ చేసి 36 మందిని ఏరుకున్నారు. ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల కిందున్న గదుల్లో వాళ్ళ కాపురం.

మొదటి 12 వారాలు రోజుకు 3200 కేలరీల దాకా పెట్టి, మామూలు మనిషి లెక్కలన్నీ రాసుకున్నారు. 1945 ఫిబ్రవరి 12 నుంచి 24 వారాల పాటు దాన్ని సగానికి దించారు. సగటున 1570 కేలరీలు. రోజుకు రెండు పూటలు. బంగాళాదుంపలు, ముల్లంగి జాతి దుంపలు, క్యాబేజీ, ముతక రొట్టె, మాకరోనీ: యుద్ధకాలపు యూరప్ పేదవాడి పళ్ళెంలో దొరికేవే. వారానికి 22 మైళ్ళు నడవాలి.

బరువు తగ్గుతుందని అందరికీ తెలుసు, తగ్గారు. ఒక్కొక్కరూ తమ బరువులో నాలుగో వంతు దాకా పోగొట్టుకున్నారు. కీస్ బృందాన్ని ఆశ్చర్యపరిచింది మాత్రం వాళ్ళ మాటలూ కలలూ. రాజకీయాలూ ప్రేమలూ కబుర్లలోంచి జారిపోయాయి, మిగిలింది తిండి ఒక్కటే. వంట పుస్తకాలు కొని, నవల చదివినట్టు రాత్రిళ్ళు చదివేవారు. పళ్ళెంలో ఉన్న కాస్తనీ చిన్న చిన్న ముక్కలు చేసి, నీళ్ళు కలిపి, గంటల తరబడి తినేవారు. చివర పళ్ళెం నాకేవారు. ఒకతను రోజుకు 40 ప్యాకెట్ల చూయింగ్ గమ్ నమిలాడు. కాఫీ ఎన్ని కప్పులు తాగుతున్నారో చూసి, దానికి హద్దు పెట్టాల్సొచ్చింది. జులై ఎండలో స్వెటర్లు వేసుకున్నారు. కూర్చుంటే కుర్చీ చెక్క ఎముకలకు గుచ్చుకుంటోందని దిండ్లు మోసుకు తిరిగారు. నాడి నిమిషానికి 35 దగ్గరికి పడిపోయింది. నవ్వులు పోయాయి, చీటికీమాటికీ చిరాకులు, ఒంటరిగా కూర్చోవడాలు. తెలివితేటల పరీక్ష పెడితే మార్కులు తగ్గలేదు, కానీ బుర్ర పనిచెయ్యట్లేదని వాళ్ళకి అనిపించేది. తామేమీ అంత సన్నంగా లేమని, బయట జనమే మరీ లావుగా ఉన్నారని కూడా అనిపించేదట. ప్రయోగం ముగిశాక ముగ్గురు ఉన్న వృత్తి వదిలేసి వంటవాళ్ళుగా మారారు.

వీళ్ళెవరూ అద్దంలో చూసుకుని దిగులుపడి పస్తున్నవాళ్ళు కారు. సన్నబడాలని కోరుకోలేదు, మానసిక రోగులు అసలే కారు. ఆ పరీక్షలన్నీ దాటి వచ్చినవాళ్ళు. అంటే పదహారు కీరా ముక్కలూ, అర్ధరాత్రి కూరల వీడియోలూ, రెండు రగ్గులూ ఆ పిల్ల మొండితనం వల్ల వచ్చినవి కావు. ఆకలే వాటిని పుట్టిస్తుంది. తిండి తగ్గడం వల్ల బుద్ధి మారుతుంది, మారిన బుద్ధి ఇంకా తగ్గించమంటుంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ఒక్క సంగతే.

ఇక 1570 అంకె గురించి. ఫోన్‌లో తిరిగే డైట్ చార్టుల్లో అంతకంటే చాలా తక్కువ అంకెలు నిర్భయంగా కనిపిస్తాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో, కూర్చుని పనిచేసే 65 కిలోల మగమనిషికి రోజుకు 2110 కేలరీలు, 55 కిలోల ఆడమనిషికి 1660 కావాలి. ఆ లెక్కన 1570 ఒక ఆడపిల్లకి దాదాపు సరిపోయే తిండే. మినియాపొలిస్ కుర్రాళ్ళకు అది పస్తు ఎందుకైందంటే వాళ్ళ ఖర్చు దానికి రెట్టింపు కాబట్టి. చూడాల్సింది ఖర్చుకీ రాబడికీ మధ్య ఉన్న తేడా. రోజూ కాలేజీకి నడిచి, మెట్లెక్కి, సాయంత్రం జిమ్‌కి కూడా పోయే పిల్ల తన అవసరంలో సగమో మూడోవంతో తింటూ నెలలు గడుపుతోందంటే, స్టేడియం మెట్ల కింద గది తనకు తానే కట్టుకున్నట్టు. కీస్ ప్రయోగానికి డాక్టర్లు, ఎక్స్‌రేలు, ఆఖరి తేదీ ఉన్నాయి. ఈ పిల్లకి ఆఖరి తేదీ లేదు.

ఈ అంకె మన నేల మీద అంతకు ముందే ఒకసారి నడిచింది. 1876–78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. కరువు పనుల ఖర్చు తగ్గించడానికి కలకత్తా నుంచి సర్ రిచర్డ్ టెంపుల్‌ని పంపారు. రోజంతా మన్ను తవ్వే మగవాడి కూలి ఒక పౌను గింజలూ పైన కొద్దిపాటి చిల్లరా చాలని 1877 మొదట్లో ఆయన ఖాయం చేశాడు. పౌనంటే మన కొలతలో 450 గ్రాములు. బియ్యమైనా జొన్నలైనా 1500, 1600 కేలరీల దగ్గర తేలుతుంది, అంటే కీస్ లెక్కకు అటూఇటూగా. మద్రాసు ప్రెసిడెన్సీ పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీనికి అడ్డం తిరిగాడు. పనిచేసే మనిషికి పౌనున్నర గింజలు, పైన పప్పూ కూరగాయలూ లేకపోతే నిలబడడని వాదించాడు. వాదించగా వాదించగా మద్రాసు ప్రభుత్వం గింజలు కాస్త పెంచి, పప్పు కలిపింది. అప్పటికి ఆలస్యమైపోయింది, ఆ కరువు లక్షల ప్రాణాలు తీసుకుంది. కార్నిష్ దగ్గర కేలరీల పట్టికలు లేవు, శిబిరాల్లో మనుషుల్ని చూసి చెప్పాడు. నాకు ఈ కథలో కొట్టొచ్చినట్టు కనిపించేది టెంపుల్ వాదనలోని నిబ్బరం. కాగితం మీద అంకె తేలింది కాబట్టి ఒంటికి చాలుతుందనుకున్నాడు. డైట్ చార్టు గీసేవాళ్ళ దగ్గర ఇప్పటికీ అదే నిబ్బరం.

ఒంట్లో జరిగేదేమిటో చూద్దాం. తిండి బాగా తగ్గిన మొదటి రోజే కాలేయంలో దాచిన గ్లైకోజెన్ దాదాపు అయిపోతుంది. అది మహా అయితే ఓ వంద గ్రాములు. మొదటి వారంలో తూనిక మీద కనిపించే గొప్ప తగ్గుదల చాలా వరకు ఈ గ్లైకోజెన్ పట్టుకుని ఉంచిన నీళ్ళే. మెదడుకి మాత్రం చక్కెర ఆగకూడదు. అందుకని శరీరం కొవ్వును కరిగిస్తూనే, కండలోని ప్రొటీన్‌ని విడగొట్టి చక్కెర తయారుచేసుకోవడం మొదలెడుతుంది. రోజులు గడిచేకొద్దీ మెదడు కీటోన్లకు కొంత అలవాటు పడుతుంది, కండ తినడం నెమ్మదిస్తుంది, కానీ ఆగదు. కండ అంటే జబ్బలూ తొడలే కాదు. గుండె కూడా కండే, అది కూడా చిక్కిపోతుంది.

రెండో పని పొదుపు. థైరాయిడ్ చురుకు తగ్గుతుంది. చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, నాడి నెమ్మదిస్తుంది, బి.పి. పడిపోతుంది, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. నాడి నెమ్మదించడం చూసి “నాది క్రీడాకారుల గుండె” అని మురిసిపోయేవాళ్ళున్నారు. క్రీడాకారుడి గుండె బలంతో నెమ్మదిస్తుంది, ఇది బలం లేక. మినియాపొలిస్‌లో విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం చేసే ఖర్చు 40 శాతం దాకా పడిపోయింది. “ఇంత తక్కువ తింటున్నా బరువు దిగట్లేదు” అని ఇంకా తగ్గించేవాళ్ళు ఈ పొదుపుతోనే పోట్లాడుతున్నారు. ఆ పోట్లాటలో శరీరానిదే పైచేయి. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరవాత కొలిస్తే, వాళ్ళ సైజు మనుషులకు ఉండాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయని 2016లో బయటపడింది. పోయిన బరువులో చాలా భాగం అప్పటికి తిరిగొచ్చేసింది కూడా.

మూడోది, అప్పటికి అవసరం లేని శాఖల్ని మూసెయ్యడం. మెదడులోని హైపోథాలమస్ ‘ఇప్పుడు బిడ్డను మోసే కాలం కాదు’ అని నిర్ణయిస్తుంది. బాగా తక్కువ తిండి పెడితే, నెలసరిని నడిపే హార్మోన్ల తాళం అయిదు రోజుల్లోనే తప్పడం ప్రయోగాల్లో కనిపించింది. నెలసరి ఆగితే ఈస్ట్రోజెన్ పడిపోతుంది, దాంతో ఎముక పలచనవుతుంది. ఎముకలు గట్టిపడే వయసు ఇరవై ఏళ్ళకే చాలా వరకు అయిపోతుంది కాబట్టి, పదిహేడు, పద్దెనిమిదేళ్ళప్పుడు పోగొట్టుకున్నది తరవాత పూర్తిగా దొరక్కపోవచ్చు. “నెలనెలా ఆ బాధ తప్పింది” అనుకునే పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు.

జుట్టు సంగతి వేరు. ఒంటికి దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకుగానీ జుట్టు ఊడదు. ఈలోగా మూడు షాంపూలు మారతాయి, హాస్టల్ బోరు నీళ్ళ మీద నింద పడుతుంది. మా అక్క అయితే ఊరి నుంచి మందార నూనె కాచి పంపింది.

“రెండు ముద్దలకే కడుపు నిండిపోయింది” అన్న మాట కూడా అన్నిసార్లూ అబద్ధం కాదు. వాడకం తగ్గిన జీర్ణాశయం బద్ధకిస్తుంది, తిన్నది గంటల కొద్దీ కిందికి దిగదు, మలబద్ధకం, ఉబ్బరం. పస్తు పొడుగయ్యేకొద్దీ తినడం నిజంగానే కష్టమవుతుంది. దానికి తోడు వేగంగా బరువు తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు పట్టడం ఎక్కువ.

ఇవన్నీ మెల్లగా వచ్చేవి. ఒక్కసారిగా ప్రాణం మీదికి తెచ్చేది గుండె లయ. 1970ల చివర్లో అమెరికాలో ద్రవరూప ప్రొటీన్ డైట్ ఒకటి ఊపేసింది. కబేళాల్లో మిగిలిన తోళ్ళూ నరాలూ ఉడకబెట్టి తీసిన కొలాజెన్‌కు రుచీ రంగూ కలిపి సీసాల్లో అమ్మారు. రోజంతా కలిపి 400 కేలరీలకు మించదు. లక్షల మంది తాగారు. 1977 తిరిగేసరికి దాదాపు 60 చావుల మీద ప్రభుత్వ దర్యాప్తు నడిచింది. చనిపోయినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, అంతకు ముందు గుండె జబ్బు లేనివాళ్ళు. నెలల తరబడి ఆ నీళ్ళ మీద బతికి, ఉన్నట్టుండి గుండె లయ తప్పి పడిపోయారు. వాళ్ళు బక్కచిక్కిన మనుషులు కారు, లావు తగ్గాలనుకున్నవాళ్ళు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వంద కిలోల మనిషి ఆరు నెలల్లో డెబ్బైకి దిగితే ఇంట్లోవాళ్ళు చప్పట్లు కొడతారు. కానీ ఆ గుండెకు జరిగింది, సన్నటి పిల్ల గుండెకు జరిగిందీ ఒకటే కావచ్చు. తనను తానే ఇలా పస్తు పెట్టుకోవడం ఒక మానసిక జబ్బు; బరువు మామూలుగా కనిపిస్తూనే ఆ జబ్బుతో ఉండొచ్చని, మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే పుస్తకం 2013 నుంచీ విడిగా చెబుతోంది.

డాక్టర్లే కొందరికి చాలా తక్కువ కేలరీల ఆహారం రాస్తారు కదా అంటే, రాస్తారు. కొత్తగా వచ్చిన మధుమేహానికి బ్రిటన్‌లో అలా పెట్టి మంచి ఫలితం చూశారు కూడా. కానీ అందులో విటమిన్లూ లవణాలూ ప్రొటీనూ లెక్కగా ఉంటాయి, మాత్రలు ముందే మారుస్తారు, గడువు ఉంటుంది, ఆ తరవాత మెట్లు మెట్లుగా మామూలు తిండికి తెస్తారు. మనిళ్ళలో షుగరు మాత్రో ఇన్సులినో వేసుకునేవాళ్ళు లేని ఇల్లు తక్కువ. మందు మందులానే వేసుకుని, ఎవరో చెప్పారని అన్నం మానేస్తే, చక్కెర పడిపోయి పొద్దున్న లేవనివాళ్ళుంటారు. బి.పి. మాత్రలకూ ఇదే జాగ్రత్త. డాక్టరు పేరు లేని డైట్ చార్టును ఆ ఇళ్ళలోకి రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

లంఖణం పరమౌషధం అన్నారుగా అని మా బావ అడ్డుపడ్డాడు. ఆ మాట చెప్పిన పెద్దవాళ్ళు ఆ వెంటే చేసిన పని ఒకటుంది, దాన్ని మరిచిపోతాం. జ్వరానికి లంఖణం పెడితే, తగ్గాక పథ్యం పెట్టేవారు. మా అమ్మమ్మ టైఫాయిడ్ నుంచి లేచిన మావయ్యకు మొదటి రోజు పల్చటి గంజి తేటే ఇచ్చింది. మర్నాడు జావ, ఆ తరవాత మెత్తగా ఉడికించిన చారన్నం, బీరకాయ కూర. ఆకలి ఆకలి అని మావయ్య ఏడుస్తున్నా, గిన్నె ఇంకాస్త నింపలేదు. అన్నేసి రోజుల పస్తు తరవాత ఒక్కసారి కడుపునిండా పెడితే ప్రమాదమని ఆమెకు తెలుసు. శాస్త్రం ఆ ప్రమాదాన్ని వివరంగా చూడటానికి రెండో ప్రపంచ యుద్ధం దాకా ఆగాల్సొచ్చింది. ఆ యుద్ధంలో శిబిరాల నుంచి బయటపడిన ఖైదీల్లో కొందరు, అన్నాళ్ళ ఆకలినీ తట్టుకుని బతికినవాళ్ళు, తిండి దొరికాక చనిపోయారు.

కారణం ఇది. పస్తుల్లో కణాల్లోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటుతాయి. అయినా రక్త పరీక్షలో అవి మామూలుగానే కనిపించొచ్చు, ఎందుకంటే కణాల్లోంచి తోడి రక్తంలో సర్దుతోంది శరీరం. ఒక్కసారిగా అన్నమో తీపో పడగానే ఇన్సులిన్ పైకి లేస్తుంది, ఆకలితో ఉన్న కణాలన్నీ ఈ లవణాల్ని ఒక్కుమ్మడిగా లోపలికి లాక్కుంటాయి. రక్తంలో ఫాస్ఫేటు పాతాళానికి పడుతుంది. ఒంట్లో ప్రతి పనికీ శక్తినిచ్చే ఏ.టి.పి. అణువు ఫాస్ఫేటు లేకుండా తయారవదు. గుండె, ఊపిరి తీసే కండరాలు, మెదడు, ఏదైనా మొరాయించొచ్చు. బి1 విటమిన్ కూడా అదే సమయంలో చాలక పోతుంది. తిండి మళ్ళీ మొదలైన తొలి రోజుల్లోనే ఈ ముప్పు ఎక్కువ.

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పకుండా దాటలేను. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి తేల్చే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కండరంలో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో, ఏ.టి.పి.ని 1929లో వెలికితీసిన పనిలోనూ వాళ్ళిద్దరూ ఉన్నారు. పస్తుండి ఆసుపత్రికి చేరిన పిల్లకు అన్నం పెట్టే ముందూ పెట్టాకా డాక్టరు రాసే పరీక్షల్లో ఫాస్ఫరస్ ఒకటి. దాని వెనక భీమవరం ఉంది.

కాబట్టి రోజుల తరబడి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్ళనీ, కొద్ది నెలల్లో విపరీతంగా చిక్కిపోయినవాళ్ళనీ పట్టుకొచ్చి కూర్చోబెట్టి బలవంతాన తినిపించడం మంచిది కాదు. మా అమ్మమ్మ గంజి తేట కూడా అక్కడ చాలదు. ముందు డాక్టరు. ఆసుపత్రిలో చేసే సులువైన పరీక్ష ఒకటుంది: గొంతుక్కూర్చుని, చేతులు దేనికీ ఆనించకుండా లేవమంటారు. లేవలేకపోతే కండ ప్రమాదంగా కరిగిందని అర్థం. స్పృహ తప్పడం, గుండె దడదడలాడటం, ఛాతీలో నొప్పి, నాడి మరీ నెమ్మదించడం, పాదాలు వాయడం, మాట తడబడటం వీటిలో ఏదున్నా రేపటిదాకా ఆగకూడదు. మిగతావాళ్ళకు పడుకోబెట్టి, నిలబెట్టి బి.పి., ఇ.సి.జి., చక్కెర, పొటాషియం, ఫాస్ఫరస్ చూస్తారు. రిపోర్టులన్నీ మామూలుగా వస్తే “చూశావా, నాకేం లేదు” అన్న మాట వినాల్సి ఉంటుంది. ఒళ్ళు ఎంత కాలం సర్దుకోగలదో చివరి క్షణం దాకా బయటపడనివ్వదు, అంతే.

అసలు కష్టం ఇంటి నుంచి డాక్టరు దాకా ఉన్న దూరంలో ఉంది. ఈ జబ్బున్నవాళ్ళు సాయం అడగరు. పస్తే తమను కాపాడుతోందని, తినడం ఓడిపోవడమని లోపలి గొంతు చెబుతుంటుంది. “తిన్నావా?” అన్నదే పలకరింపుగా బతికే మన ఇళ్ళలో, “ఇప్పుడే తిన్నాను” అనడం కంటే సులువైన అబద్ధం లేదు. మగపిల్లలైతే ఇంకా దాచుకుంటారు. జిమ్ పేరు చెబితే ఎవరూ అడగరు కూడా.

మా అక్క మొదట ఏడ్చింది, తరవాత తిట్టింది, “నీ కోసం వండినవన్నీ పారబోస్తున్నా, అన్నం ఉసురు తగుల్తుంది” అంది. ఒక్కటీ పనిచెయ్యలేదు. పనిచేసింది ఒక మామూలు సాయంత్రం. బరువు మాట, తిండి మాట ఎత్తకుండా “రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు కదమ్మా నీకు? చలేస్తోంది కదా?” అని అడిగింది. ఆ పిల్ల తలూపింది. “నాకు భయంగా ఉంది, డాక్టరు దగ్గరికి నేనూ వస్తా, ఇద్దరం వెళ్దాం” అంది. మొదట వెళ్ళినచోట “ఈ వయసు ఆడపిల్లలు ఇంతేనమ్మా, కాస్త తినమనండి” అని టానిక్ రాసి పంపారు. అక్కడే ఆగిపోయేవాళ్ళు ఎందరో. వీళ్ళు రెండో చోటికి వెళ్ళారు. ఆ డాక్టరు నాడి పట్టుకుని గడియారం చూశాడు, ఆ రోజే చేర్చుకున్నాడు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియనివాళ్ళకి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలెట్టిన టెలి మానస్ ఉంది: 14416. రాత్రీ పగలూ, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల పేరు చెబితే మనవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. మానసిక జబ్బుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటని తెలిస్తే, గొంతు తగ్గించాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాదు. ఇందులో శరీరం చూసే డాక్టరు, మనసు చూసే డాక్టరు, తిండి లెక్క చెప్పేవాళ్ళు ముగ్గురూ కావాలి. టీనేజి పిల్లలకు బాగా పనిచేస్తుందని తేలిన పద్ధతి లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకుంది. అందులో తల్లిదండ్రుల్ని దోషుల్లా చూడరు. కొన్నాళ్ళ పాటు ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం పిల్ల చేతిలోంచి తీసుకుని అమ్మానాన్నల చేతిలో పెడతారు. ప్రతి పూటా పక్కన కూర్చోవాలి. బరువు నిలదొక్కుకున్నాక నిర్ణయం మళ్ళీ పిల్లకి అప్పగిస్తారు. పెద్దవాళ్ళకైతే ఆలోచనల్ని పట్టి చూసుకునే మాటల చికిత్సలున్నాయి. తిండి బదులు మింగే మాత్ర మాత్రం ఏదీ లేదు.

ఓపిక కావాలి. మినియాపొలిస్‌లో తిండి పెంచిన తొలి వారాల్లో కొందరి మనసు బాగుపడకపోగా ఇంకా దిగజారింది. ఒకతను కట్టెలు కొడుతూ తన మూడు వేళ్ళు నరుక్కున్నాడు. పొరపాటున జరిగిందో కావాలని చేసుకున్నాడో తనకే తెలీదన్నాడు. విటమిన్లు, ప్రొటీన్ పొడులు అదనంగా ఇచ్చిచూస్తే తేడా రాలేదు. కోలుకోవడానికి అక్కరకొచ్చింది కడుపు నిండా తిండే, రోజుకు 4000 కేలరీల దాకా. ఎంత తిన్నా ఆకలి తీరని నెలలు గడిచాయి. పూర్తిగా మామూలు మనిషి కావడానికి తమకు రెండు నెలల నుంచి రెండేళ్ళ దాకా పట్టిందని, ముసలివాళ్ళయ్యాక వాళ్ళే చెప్పుకున్నారు.

మా అక్క కూతురు ఒక సెమిస్టర్ వదిలేసింది. రోజుకు ఆరు సార్లు, ఫోన్‌లో అలారం మోగినప్పుడల్లా తింటుంది. ఆకలి ఎలా ఉంటుందో ఒంటికి ఇంకా గుర్తు రాలేదు కాబట్టి గడియారాన్ని నమ్ముకోమన్నారు. కొన్ని పూటలు కన్నీళ్ళతోనే. ఏడు నెలలకు నెలసరి వచ్చింది. పదిహేను రోజులకోసారి ఆసుపత్రిలో తూనిక వైపు వీపు పెట్టి ఎక్కుతుంది. అంకె డాక్టరూ మా అక్కా చూసుకుంటారు, తనకు చెప్పరు. మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగాను, ఈసారి కనుమకు బిర్యానీ నువ్వే చేస్తావా అని. “నా వల్ల కాదు పిన్నీ, బయట నుంచి తెప్పించండి” అంది.